సర్వాయి పాపన్నకు ‘సర్దార్’ బిరుదు ఎప్పటిది?

పారసీలో ‘సర్’ అంటే తల, ‘దార్’ అంటే కలిగినవాడు. సేనానాయకుడిని తెలిపే ఈ ‘సర్దార్’ తురుష్కుల దగ్గర ‘సెర్దార్’ అయింది, బ్రిటిష్ సేనాని కిచనర్ 1892 నుంచి 1899 వరకు అధిపతిగా ఉన్న ఈజిప్టు సైన్యంలో ‘సిర్దార్’ అయింది. నా సందేహం మాత్రం మన ఓరుగల్లుకు సంబంధించినది.

1708లో ఆ కోటపై దాడి చేసిన సర్వాయి పాపన్నను మనం గౌరవంతో సర్దార్ అనే పిలుచుకుంటాము. ఆ బిరుదు ఆయన కాలానిదేనా అని మూడు వారాలుగా వెతుకుతున్నాను. మొగలుల చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ ఆయనను ‘పాప్రా’ అని, శత్రువును చూసే చూపుతోనే ప్రస్తావించాడు. నేను చదివిన ఆంగ్లానువాద భాగాలలో ఈ బిరుదు కనబడలేదు. జానపద గాథల అచ్చుప్రతులు చూశాను కానీ, వాటి పాఠం ఏ కాలానిదో తేలక సాక్ష్యంగా తీసుకోలేకపోయాను.

శాసనం, కైఫీయతు (ఊళ్ల స్థానిక చరిత్రను రాసిపెట్టిన పత్రం), రాతప్రతి, ఏదైనా సరే, ‘సర్దార్ పాపన్న’ అని రాసి ఉన్న అన్నిటికంటే పాత ఆధారం మీరు ఎక్కడ చూశారు?