అప్‌డేట్: అమ్మ ఆపరేషన్ అయింది, లాపరోస్కోపీతోనే

ఫైబ్రాయిడ్ల (గర్భసంచిలో పెరిగే క్యాన్సర్ కాని గడ్డలు) వల్ల అమ్మకు గర్భసంచి తీసేయాలన్నారని, రోబోటిక్ మంచిదా లాపరోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పరికరాలు పెట్టి సర్జన్ చేత్తోనే చేసేది) మంచిదా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. లాపరోస్కోపీ చేయించాం, అమ్మ బాగా కోలుకుంటోంది.

రోబో దానంతటదే కోసేస్తుందేమోనని అమ్మకు ఒకటే టెన్షన్. డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. కన్సోల్ (రోబోను నడిపే యంత్రం) దగ్గర కూర్చున్న సర్జన్ చేతులు ఎలా కదిలితే రోబో చేతులూ అలాగే కదులుతాయట. లాపరోస్కోపీ పరికరాలు పొడవుగా, వంగకుండా తిన్నగా ఉంటాయి. రోబో పరికరాల కొసన మణికట్టులా తిరిగే కీలు ఉంటుంది. సర్జన్‌కు లోపలంతా త్రీడీలో కనిపిస్తుంది, చేతి వణుకు పరికరం దాకా వెళ్లదు. ప్రొస్టేట్ ఆపరేషన్‌లో లాగా ఇరుకు చోట, లోతుగా కుట్లు వేయాల్సి వస్తే ఇది బాగా పనికొస్తుంది.

అమ్మలాంటి, క్యాన్సర్ కాని కేసుల్లో మాత్రం ఫలితాలు దాదాపు ఒకటే. రెండూ చిన్న రంధ్రాలతోనే, రెంటికీ పూర్తి మత్తే. రోబోను అమర్చడానికి అదనంగా టైమ్ పడుతుంది, ఖర్చూ ఎక్కువే. అందుకని మెషీన్ సంగతి పక్కనపెట్టి, మీరు ఏ పద్ధతిలో ఎక్కువ ఆపరేషన్లు చేశారని డాక్టరుగారిని అడిగాను. ఆవిడ చేయి తిరిగింది లాపరోస్కోపీలో. నా దృష్టిలో అందరూ ముందు అడగాల్సింది అదే.

ఇంకో విషయం. మర్నాడు అమ్మకు పొట్టకంటే కుడి భుజం ఎక్కువ నొప్పి పెట్టింది, గుండె సమస్యేమోనని హడలిపోయాం. ఆపరేషన్‌కు చోటు కోసం పొట్టలో నింపిన కార్బన్ డయాక్సైడ్ కొంత మిగిలి, ఊపిరితిత్తుల కింద ఉండే కండరమైన డయాఫ్రమ్‌ను ఇబ్బంది పెడితే, నొప్పి భుజంలో తెలుస్తుందట. రెండు పద్ధతుల్లోనూ గ్యాస్ నింపుతారు కాబట్టి ఎవరికైనా రావచ్చు. మెల్లగా లేచి నడవడం మొదలుపెట్టాక తగ్గింది.