చేలో వేసిన ఎర్రచందనానికి చేవ కట్టదా?

భాకరాపేట రైతు: ఎర్రచందనం కొనే ఒకాయన "చేలో పెరిగింది పొయ్యిలోకే పనికొస్తుంది, శేషాచలం రాళ్ళలో పెరిగిందే సరుకు" అన్నాడు. మా ఎర్రమట్టిలో డ్రిప్ పెట్టి పెంచాను, పదేళ్ళు దాటింది. మాను తొడంత లావుంది. మీరేమంటారు?

కొండ నడక: లావు వేరు, చేవ వేరు అన్నా. చేవంటే మాను నడుమ ఎర్రగా గట్టిపడే కర్ర. శేషాచలం, వెలికొండ, పాలకొండ, లంకమల... ఈ చెట్టు సహజంగా పెరిగేది ఎక్కువగా ఈ కొండల్లోనే. క్వార్ట్‌జైట్ రాయి మీద చాలాచోట్ల జానెడు మట్టి కూడా ఉండదు. వాన నీరు నిలవదు, పగుళ్ళలోకి దిగిపోతుంది, వేరు దాని వెంటే పోతుంది. ఎండాకాలం ఆకు రాల్చుకుని నిలబడుతుంది. ఏటా లావెక్కేది కొంచెమే. నీ డ్రిప్ చెట్టులో ఉండేదంతా చేవ కట్టని తెల్లకర్రే.

భాకరాపేట రైతు: నువ్వు కోసి చూశావా తమ్ముడూ? గాలికి కూలిన మానును నేను కోశాను. చుట్టూ తెల్లకర్ర ఎక్కువే, కాదనను. నడుమ మాత్రం బొటనవేలంత ఎరుపుంది. రంపప్పొట్టు కూడా అక్కడికొచ్చేసరికి ఎర్రగా రాలింది.

చిత్తూరు సుబ్బు: నీళ్ళు నిలిచే చేలో మాత్రం వేయకండి. మావి వేరు కుళ్ళి చచ్చాయి.

తలకోన దారి: రాయంటే దానికి ఇష్టమని ఎందుకనుకోవాలి? తలకోన లోయలో మట్టి లోతు, తేమ ఎక్కువ. అక్కడ మద్ది, నేరేడు ఎత్తుగా పెరిగి నీడ కమ్మేస్తాయి. ఎర్రచందనానికి ఎండ కావాలి. పై వాలులో పోటీ తక్కువ, అందుకే అక్కడ నిలిచింది.

కొండ నడక: చిత్తూరు చుట్టూ రాతి గుట్టలు బోలెడు. పోటీ ఒక్కటే కారణమైతే అన్నిటి మీదా ఎర్రచందనం ఉండాలిగా?

భాకరాపేట రైతు: గుట్టల సంగతి తర్వాత. నర్సరీ వాడు పదేళ్ళకే కోట్లొస్తాయన్నాడు. తీరా అమ్మబోతే "కొండ సరుకు కాదు" అని ధర కోస్తున్నారు. నీలాంటివాళ్ళ మాటలే వాళ్ళకు బలం!

కొండ నడక: నా బాధా విను. చేలోనూ అదే చేవ వస్తుందని ఊరంతా నమ్మితే రేపు కొండ ఎవరికి కావాలి? రాతి వాలులో ఒక చెట్టు నరికితే, దాని మొదట్లో ఆగిన మట్టి వానలకు జారిపోతుంది. మళ్ళీ మొలకకు చోటుండదు. అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ పట్టికలో 1995లో దీన్ని చేర్చింది నీ చేను చూసి కాదు.

భాకరాపేట రైతు: చేలో సరుకుకు ధర వస్తే కొండకు గొడ్డలి పట్టుకుపోయేవాళ్ళు తగ్గుతారు.

కొండ నడక: తగ్గరు. కొండ సరుకే గొప్పని కొనేవాళ్ళున్నంత కాలం తగ్గరు.

భాకరాపేట రైతు: గొప్పని చెబుతున్నది నువ్వే గదా!

కొండ నడక: నిజం కాబట్టి చెబుతాను. నీకు ధర తగ్గించమని నేనెవరికీ చెప్పలేదు. ఆ కోసిన మొద్దు ఫొటో పెట్టు, తెల్లకర్ర ఎంతో అందరం చూద్దాం.