చర్చ: పంటబోదె గట్టున పెంటకుప్ప

ఉండి పాడిరైతు:
మాకు పన్నెండు గేదెలున్నాయి. చావిడి పంటబోదె గట్టును ఆనుకుని ఉండడం వల్ల తాతగారి కాలం నుంచీ పెంట ఆ గట్టుమీదే వేస్తున్నాము. నిరుడు ముసురు పట్టిన మూడు రోజులూ కుప్ప అడుగు నుంచి నల్లటి ఊట బోదెలోకి దిగుతూనే ఉంది. ఆ బోదె నీరే దిగువ ఊరి మంచినీటి చెరువుకు చేరుతుందన్న సంగతి వారు వచ్చి అడిగేదాకా నాకు తట్టలేదు, అందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. కుప్పను ఎక్కడికి మార్చాలో, బోరుకు ఎంత దూరంలో ఉండాలో, గోబర్ గ్యాస్‌తో ఈ బెడద తీరుతుందో లేదో అనుభవజ్ఞులు చెప్పగలరు.

అమలాపురం కొబ్బరితోట:
గొయ్యి మాత్రం తవ్వకండి. పుస్తకాలలో చెప్పే గోతి ఎరువు మెట్టప్రాంతానికి సరిపోతుందేమో గానీ, వానాకాలంలో మా తోటలో నాలుగడుగులు తవ్వేసరికి నీరు ఊరుతుంది. నేను ఆ గోతిలోనే పేడ వేసి, ఇరవై అడుగుల దూరంలో ఉన్న మా చేతిపంపు నీటిని చేతులారా పాడుచేసుకున్నాను. తరువాత రెండడుగుల ఎత్తున మట్టి దిమ్మ వేయించి, పైన సిమెంటు గచ్చు, చుట్టూ జానెడు గట్టు, కొబ్బరాకుల కప్పు ఏర్పాటు చేశాను. గేదెల మూత్రం కాలువగుండా ఒక తొట్టిలో చేరుతుంది, దానిని నీటితో పలచన చేసి కొబ్బరిచెట్ల పాదులకు పోస్తాము.

తణుకు కోళ్లఫారం:
కప్పు గురించి చెప్పిన మాట నిజం. కోళ్లపెంటలో నత్రజని గేదె పేడకన్నా బాగా ఎక్కువ కనుక, అది తడిస్తే కంపు, ఈగలు, ఊట అన్నీ ఒకేసారి మొదలవుతాయి. మేము పొడిగా ఉంచి చేపల చెరువులవారికి అమ్ముతున్నాము, ఒక్క బుట్ట కూడా వృథా పోదు.

ఆకివీడు చెరువులు:
వృథా పోదని మీరంటున్న ఆ పెంటతోనే నేను ఒక పంట పోగొట్టుకున్నాను. మబ్బు పట్టిన వారంలో పచ్చి పెంట ఎక్కువగా వేయించగా, తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు పడిపోయి చేపలు నోళ్లు తెరిచి పైకి తేలాయి. ఆ నీటిని డ్రైనులోకి వదలక తప్పలేదు.

తణుకు కోళ్లఫారం:
మోతాదు తప్పింది మీరు, తప్పు పెంటదంటే ఎలా? మాగబెట్టి కొద్దికొద్దిగా వేసినవారు నష్టపోలేదు.

కైకలూరు వాసి:
మీ ఇద్దరి లాభనష్టాల మధ్య ఆ డ్రైను నీరు ఎక్కడికి పోయిందో ఎవరూ అడగడం లేదు. 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా, గుర్తింపు పొందిన కొల్లేరు మా గుమ్మంలోనే ఉంది, చెరువుల మురుగు చేరిన డ్రైన్లలో గుర్రపుడెక్క తప్ప మరేమీ పెరగడం లేదు.

ఆకివీడు చెరువులు:
వదిలింది నేనొక్కడినే అన్నట్టు మాట్లాడకండి.

నీటి పరీక్షల విశ్రాంత ఉద్యోగి:
ముప్పై ఏళ్లు నీటి నమూనాలు పరీక్షించిన అనుభవంతో చెబుతున్నాను, మీరంతా కంటికి కనబడే మురుగు గురించే వాదిస్తున్నారు. పేడ ఊటలోని నత్రజని నైట్రేటుగా మారి భూగర్భజలంలోకి దిగుతుంది, దానికి రంగు, వాసన ఉండవు. తాగునీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీటితో పాలపొడి కలిపి పట్టిస్తే, ఆరు నెలల లోపు పసిబిడ్డల రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని కోల్పోయి ఒళ్లు నీలిబారే ప్రమాదముంది.

పాలకొల్లు గృహిణి:
మేము కాచిన నీరే తాగుతాము కనుక ఆ భయం లేదనుకుంటాను.

నీటి పరీక్షల విశ్రాంత ఉద్యోగి:
కాచితే సూక్ష్మజీవులు చస్తాయి గానీ నైట్రేటు పోదు, నీరు ఇగిరినకొద్దీ దాని గాఢత పెరుగుతుంది కూడా. ఈ పొరపాటు చదువుకున్నవారిలోనూ చూశాను. పరీక్ష చేయించకుండా ధైర్యం చెప్పుకోవద్దు.

పాలకొల్లు గృహిణి:
తెలియక అన్న మాటకు అంత కఠినంగా చెప్పనక్కరలేదు. చంటిబిడ్డ ఉన్న ఇల్లు మాది, రేపే నీరు పరీక్షకు పంపుతాను.

మండపేట గోబర్‌గ్యాస్:
అసలు ప్రశ్న వేసినవారికి చెబుతున్నాను. రోజుకు రెండు ఘనపు మీటర్ల గ్యాసు ఇచ్చే ప్లాంటుకు సుమారు 50 కిలోల పేడ చాలు, పన్నెండు గేదెలు వేసేది అంతకు మూడింతలు దాటుతుంది కనుక కుప్ప ఎలాగూ మిగులుతుంది. పైగా గ్యాసు వాడుకున్నంత మాత్రాన పేడలోని నత్రజని మాయం కాదు, గ్యాసు తీశాక ప్లాంటునుంచి బయటికి వచ్చే పలచని పేడనీటిలోనే (స్లర్రీలోనే) ఉంటుంది. దానిని బోదెలోకి వదిలితే మీరు చేసిన మేలేమీ ఉండదు.

ఉండి పాడిరైతు:
బోరు దూరం సంగతి మిగిలిపోయినా, గొయ్యి ఆలోచన మానుకున్నాను. కాలువలు కట్టేసి ఉన్న ఈ రోజుల్లోనే పాతకుప్పంతా పొలానికి తోలించి దున్నించేస్తాను. అమలాపురం వారు తమ దిమ్మ పొడవు, వెడల్పు, తొట్టి లోతు తెలియజేస్తే, నీళ్లు వదిలేలోగా తాపీమేస్త్రీని పిలుస్తాను.