మాస్ ఎఫెక్ట్ 3 గేమ్ చివర్లో మనం ఆడే షెపర్డ్ బతికినట్టా కాదా? ఆడినోళ్లు చెప్పండన్నా

అన్నా, మాది కావలి. రెండు నెలల్నించి రాత్రుళ్లు కూర్చోని మూడు గేములూ కలిపి ఇచ్చిన లెజెండరీ ఎడిషన్‌లో మూడు పార్టులూ ఆడి, మొన్న తెల్లారుజామున కరెంట్ పోతదేమో అని భయపడతానే ముగించా. తీరా చూస్తే ఏంది, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, మూడిట్లో ఒకటి ఎంచుకో అంటాడు చివర్లో పిల్లోడి రూపంలో కనిపించేవాడు! ఒక్కొక్కళ్లని కాపాడుకుంటా వచ్చింది ఇందుకా? నేను ఎరుపు, అంటే శత్రు యంత్రాలైన రీపర్లని నాశనం చేసే డిస్ట్రాయ్ తీసుకున్నా. చిట్టచివర్లో శిథిలాల కింద షెపర్డ్ వేసుకునే ఎన్7 కవచం, ఒక్కసారి ఊపిరి పీల్చుద్ది, అంతే, కట్. మా అమ్మ లేచొచ్చి "ఇంకా పడుకోలా?" అంది, ఏం చెప్పను.

తర్వాత ఇండాక్ట్రినేషన్ థియరీ చదివా, అంటే రీపర్లు షెపర్డ్ మనసుని లొంగదీసుకుంటన్నారని ఫ్యాన్స్ చెప్పే ఊహ. హార్బింజర్ అనే రీపర్ బీమ్ తగిలినకాడ్నించి అంతా షెపర్డ్ బుర్రలోనే అంట, మొదట్లో భూమ్మీద కనిపించే అదే పిల్లోణ్ణి వేరే ఎవరూ పట్టించుకోరు, కలల్లో నల్లటి నీడలొస్తాయి కదా, అయ్యే సాక్ష్యాలంట. నిజం చెప్పాలంటే అసలు ఎండింగ్ కన్నా ఇదే నచ్చింది నాకు.

కానీ ఎండింగ్‌ని పొడిగిస్తా 2012 జూన్‌లో వచ్చిన ఎక్స్‌టెండెడ్ కట్ ఈ లెజెండరీ ఎడిషన్‌లో కలిసే ఉంది, దాంట్లో అడ్మిరల్ హాకెట్ మాటలతో యుద్ధం తర్వాత సంగతులు కూడా చూపిస్తారే, మరి అదంతా కలైతే హాకెట్ ఎవరికి చెప్తన్నట్టు? ఈ థియరీ నమ్మేవాళ్లు దీనికి ఏమంటారు? మిగతా రెండు రంగులు చూడ్డానికి పాత సేవ్ లోడ్ చేస్తే సరిపోద్దా, లేక యూట్యూబ్‌లో చూసుకుంటే పోద్దా?