పొలం గట్టు కొట్లాటకు రిమాండు అవసరమా?

దేవరకొండ రైతుబిడ్డ:
గట్టు జరిపిండ్రని రెండిండ్లోళ్లు కట్టెలతోని కొట్టుకున్నరు. ఒగాయనకు తలకు కుట్లు పడ్డయి. మా బావ మీద హత్యాయత్నం పెట్టి రిమాండుకు పంపిండ్రు. మేజిస్ట్రేట్ అడిగింది ఒక్కటే మాట: "పోలీసులు కొట్టిండ్రా?" లేదన్నడు. 14 రోజులు రాసిండ్రు. వరి కోతకొచ్చింది, ఇంట్ల అక్క ఒక్కతే. తప్పు చేసిండో లేదో తేలకముందే జైలేంది? ఇది శిక్ష కాకుంటే ఇంకేంది?

అచ్చంపేట ఆడబిడ్డ:
అన్నా, తల పగిలినోళ్ల ఇంటికి పోయి అడిగినవా? మా తమ్మున్ని కొట్టినోళ్లకు నోటీసు ఇచ్చి ఇంటికి పంపిండ్రు. సాయంత్రానికే మా వాకిట్ల బైకు ఆపి హారన్ కొట్టుకుంట నిలబడ్డరు. అమ్మ బోరింగు కాడికి పోవాలంటే వణికింది. కండ్లార చూసినోళ్లు కూడ "మాకేం తెల్వదు" అన్నరు. కేసు అక్కడ్నే కూలింది. కోతలని విడిచిపెడితే, దెబ్బలు తిన్నోనికి కోతలు లేవా?

నల్లగొండ వకీలు:
ఆడబిడ్డ చెప్పిన భయం నిజం. సాక్షులను బెదిరిస్తడనేది అరెస్టుకు చట్టం ఒప్పుకున్న కారణమే. నా పేచీ అది రాసే తీరు మీద. నేను చూసిన రిమాండు రిపోర్టులల్ల చివరి పేరా ఏ కేసుకైనా ఒక్క తీరే ఉంటది: "ముద్దాయి పారిపోయే అవకాశం ఉంది, సాక్షులను ప్రభావితం చేయగలడు." ఎవరిని బెదిరించిండు, ఎప్పుడు, ఏమన్నడు, ఒక్క ముక్క ఉండదు. ఏడేండ్ల లోపు శిక్ష పడే కేసులల్ల అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు రాయాలె, అది చూడకుండ మేజిస్ట్రేట్ రిమాండు ఇయ్యొద్దని 2014ల అర్నేష్ కుమార్ కేసుల సుప్రీంకోర్టు గట్టిగ చెప్పింది. హత్యాయత్నం, అంటే ఇప్పటి భారతీయ న్యాయసంహిత 109 సెక్షన్ పెడితే కేసు ఆ ఏడేండ్ల గీత దాటిపోతది, ఆ రక్షణ అందదు. చంపాలనే ఉద్దేశం ఏడుందని మొదటి రోజే వాదించాలె. వకీలును పెట్టుకునే స్తోమత లేకుంటే న్యాయసేవాధికార సంస్థ ఫీజు లేకుండ పెడుతది, 15100కు ఫోన్ చెయ్యండి.

అచ్చంపేట ఆడబిడ్డ:
బెదిరించిండ్రని చెప్పనీకి స్టేషన్‌కు పోతే "చూద్దాం పో అమ్మా" అన్నరు సార్. మరి రిపోర్టుల ఎవలు రాస్తరు?

నల్లగొండ వకీలు:
కాగితం మీద రాసియ్యి తల్లీ, నకలు మీద ముద్ర ఏయించుకో. బెయిల్ విచారణల ఆ నకలు కోర్టు ముంగట పెట్టు. బాధితుల మాట అక్కడ గూడ వినాలని 2022ల సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసుల పేరా కన్న నీ కాగితానికే బలం ఎక్కువ.

పాలమూరు పోరడు:
మీరు రిమాండు కాడ్నే ఆగిండ్రు. బెయిల్ వచ్చినంక సంగతేంది? షూరిటీకి, అంటే జామీను ఉండనీకి, పట్టా పాస్‌బుక్ ఉన్నోళ్లు కావాలంటరు. మావోళ్లు బొంబాయి, పుణె పోయి బతికేటోళ్లు. అక్కడ కేసైతే షూరిటీకి ఎవలు నిలబడతరు? కాగితాల బెయిల్ ఉంటది, మనిషి జైల్ల ఉంటడు. మన దేశం జైళ్లల్ల నలుగుర్ల ముగ్గురు విచారణ ఖైదీలేనంటే ఊకెనే అయిందా?

నల్లగొండ వకీలు:
1978ల మోతీరాం కేసు గిదే. మధ్యప్రదేశ్‌ల ఒక తాపీమేస్త్రీకి 10,000 రూపాయల షూరిటీ అడిగిండ్రు. అన్న ముందుకొస్తే, ఆయన ఆస్తి వేరే జిల్లాల ఉందని కాదన్నరు. సుప్రీంకోర్టు 1,000 రూపాయల సొంత బాండు మీద, అంటే ఆయన సొంత పూచీ మీదనే, విడిచిపెట్టమన్నది. ఆ తీర్పు ఇయ్యాల్టికీ పనికొస్తది, పిటిషన్‌ల రాయించండి.

దేవరకొండ రైతుబిడ్డ:
వకీల్ సాబ్, బెయిల్ కొట్టేస్తే ఇట్ల ఎన్ని దినాలు పెట్టొచ్చు?

నల్లగొండ వకీలు:
మీ కేసుల 90 దినాలు. అప్పటికి చార్జిషీటు పడకుంటే బెయిల్ హక్కు అయితది. సెక్షన్ తగ్గితే 60. అరెస్టయిన దినం కాదు, మొదటి రిమాండు దినం నుంచి లెక్క. గడువు దాటిన తెల్లారే పిటిషన్ ఎయ్యాలె, మీ కన్న ముందు చార్జిషీటు పడితే ఆ హక్కు పోతది. రిమాండు తేదీ ఇక్కడ పెట్టు తమ్మీ, లెక్క కట్టి చెప్త.