‘పకు పకు’కి తెలుగులో ఏ మాట?

ప్రశ్న: ప్యాక్‌మాన్ వీడియో ఆటలో పసుపు బొమ్మ చిక్కుదారుల్లో చుక్కలు తింటూ పోతుంటే నాలుగు దయ్యాలు దాన్ని తరుముతాయి. 1980లో జపాన్‌లో వచ్చినప్పుడు దాని పేరు పక్‌మాన్. నోరు తెరుస్తూ మూస్తూ తినడాన్ని అక్కడ ‘పకు పకు’ అంటారు, పేరు అందులోంచే పుట్టింది. మనకేమో పకపక అంటే నవ్వు. మరి ఈ తిండికి ఏ అనుకరణ పదం పెట్టాలి? కరకర అనొచ్చా?

జవాబు: కరకర కుదరదండీ. అది పళ్ల కింద నలిగే చప్పుడు. ఆ పసుపు బొమ్మకు పళ్లూ లేవు, నమలడమూ లేదు. గుటుక్కు అంటే గొంతు దిగిన శబ్దం. పకు పకులో ఉన్నది నోటి కదలిక. నా ఓటు ‘లటుక్కు లటుక్కు’కి. ఆట నడకా అలాగే ఉంటుంది: ఒక్కో చుక్క తిన్నప్పుడల్లా బొమ్మ ఒక ఫ్రేము, అంటే సెకనులో 60వ వంతు, ఆగుతుంది. పెద్ద చుక్కకైతే 3 ఫ్రేములు. అందుకే మొదటి దశలో ఖాళీ దారిలో దాని వేగం గరిష్ఠంలో 80 శాతం, చుక్కలు తింటూ పోతే 71. దయ్యాలది 75. తింటూ పారిపోయేవాడు దొరికిపోయేది ఇందుకే. దయ్యం వెనకాలే ఉంటే చుక్కలు అయిపోయిన దారిలోకి మళ్లాలి.

ఇంకో జవాబు: తెలంగాణలో ‘బుక్కుడు’ ఉంది కదా. అటుకులు, పేలాలు బుక్కుతం.

జవాబు: మంచి మాటేనండీ. కాకపోతే బుక్కడానికి గుప్పిట కావాలి, ఈ బొమ్మకు చేతులు లేవు.

ప్రశ్న అడిగినవారు: లటుక్కు బాగుంది. దయ్యాల జపనీస్ పేర్లకు కూడా చెప్పండి. ఒయికాకె (తరమడం), మాచిబుసె (మాటు వేయడం), కిమాగురె (చపలత్వం), ఒతొబోకె (ఏమీ ఎరగనట్టు నటించడం).

జవాబు: బ్లింకీ, పింకీ, ఇంకీ, క్లైడ్ అన్న అమెరికా పేర్లలో ఈ గుణాలన్నీ పోయాయి. ఎర్రది ‘తరుముడు’, మీరున్న గడికే వస్తుంది. గులాబీదాన్ని మాటుగాడు అనకండి, అది ఎక్కడా నక్కి కూర్చోదు. మీ ముఖం ఎటుంటే అటు 4 గడుల ముందుకి గురిపెడుతుంది కాబట్టి ‘దారికాపు’ అనాలి. మీరు పైకి చూస్తుంటే మాత్రం ప్రోగ్రాములోని లోపం వల్ల గురి ఎడమకి కూడా 4 గడులు జరుగుతుంది. నీలిది ‘తిక్కది’. మీ ముందున్న రెండో గడికి ఎర్రదాని నుంచి గీత గీసి, ఆ గీతను అంతే దూరం ముందుకు సాగదీస్తే వచ్చే చోటు దాని గురి. ఎర్రది మీ పక్కనే ఉంటే ఇదీ దగ్గరకొస్తుంది, ఎర్రది దూరమైతే దీని గురి ఎటో పోతుంది. చూసేవాడికి తిక్కలాగే కనిపిస్తుంది.

నారింజరంగుదానికి ‘నంగనాచి’ని మించిన మాట లేదు. 8 గడుల కంటే దూరంలో ఉంటే ఎర్రదానిలాగే తరుముతుంది. అంతకంటే దగ్గరైతే ఏమీ ఎరగనట్టు కింద ఎడమ మూలకు దారి తీస్తుంది. ఆ మూలలో చుక్కలు చివరికి మిగిల్చుకుంటే మాత్రం అదే అడ్డం వస్తుంది. ముందే తినేయండి.