కొత్త డీజిల్, డ్రమ్ము బయోడీజిల్: పాత బండికి ఏమవుతోంది? ఒడిశా బోర్డరు వాళ్ళు చెప్పండి

రాయగడ పికప్:
అన్నలూ, నాది 2008 పికప్పు. రోజూ కూరగాయల లోడుతో పార్వతీపురం వెళ్తాను. 2020లో బీఎస్ 6 (పొగ తగ్గించే కొత్త ప్రమాణం) డీజిల్ వచ్చిన కొన్ని నెలలకే ఇంజనుకి డీజిల్ పంపే పంపు కింద తడి మొదలైంది. ఓరింగులు, అంటే రబ్బరు సీళ్ళు, మార్పిస్తే ఆగింది. పోయిన నెల రేటు తక్కువని డ్రమ్ముల్లో అమ్మే బయోడీజిల్ (నూనెలతో చేసే డీజిల్) సగానికి సగం పోయించాను. నాలుగో రోజు కొమరాడ దాటాక బండి లాగడం మానేసింది. ఫిల్టరు విప్పితే లోపలంతా నల్లటి జిగురు. మైలేజీ కూడా పడిపోయింది. తప్పు కొత్త డీజిల్‌దా, బయోదా?

జైపూర్ లారీ:
పాత బండి కాబట్టి విప్పి చూసుకున్నావు తమ్ముడూ. మా బీఎస్ 6 లారీ సుంకి ఘాట్‌లో లైటు వెలిగించి ఆగిపోయింది. రెండు రోజులు టమాటా లోడు ఎండలో ఉండిపోయింది. డ్రైవరు చేసిన పని ఏంటంటే, యాడ్‌బ్లూ (పొగని శుద్ధి చెయ్యడానికి వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రవం) అయిపోతే పొలం యూరియా బోరు నీళ్ళలో కలిపి పోసేశాడు. దానికి కావలసింది శుద్ధమైన నీళ్ళు, కొలత ప్రకారం 32.5 శాతం శుద్ధమైన యూరియా. నాజిల్ మూతి మీద ఉప్పు గడ్డలా తెల్లగా పేరుకుపోయింది. దయచేసి ఎవరూ అలా చెయ్యకండి.

పర్లాకిమిడి ట్రాక్టర్:
అసలు రోగం డీజిల్‌లో సల్ఫరు తీసెయ్యడం. బీఎస్ 3లో 350 పీపీఎం (పది లక్షల్లో 350 భాగాలు), 2017లో 50, ఇప్పుడు 10. జిడ్డు పోయాక పంపు అరక్క ఏం చేస్తుంది? నేను ప్రతి ట్యాంకుకీ 100 మిల్లీలీటర్ల టూ-టీ ఆయిల్ (పాత స్కూటర్ల పెట్రోల్లో కలిపే ఆయిల్) పోస్తాను. మూడేళ్ళు అయింది, పంపు జోలికి పోలేదు. అందరూ పొయ్యండి.

గుణుపురం పంపు షెడ్డు:
26 ఏళ్ళుగా పంపులే విప్పుతున్నాను. జిడ్డునిచ్చేది సల్ఫరు కాదు బాబూ. హైడ్రోజన్‌తో సల్ఫరు లాగేటప్పుడు జిడ్డునిచ్చే వేరే పదార్థాలు కూడా పోతాయి. అందుకే రిఫైనరీలో మందు కలిపి పంపుతారు. అరుగుదల పరీక్షలో మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదని లెక్క ఉంది. రెండు శాతం మంచి బయోడీజిల్ కలిసినా ఆ జిడ్డు తిరిగి వస్తుంది. పాత ట్రాక్టరుకి టూ-టీ పోస్తే పొయ్యండి గానీ, "అందరూ" అని రాయకండి. బీఎస్ 6 బండిలో పోస్తే అది కాలిన బూడిద డీపీఎఫ్‌లో, అంటే పొగలో మసిని పట్టే ఫిల్టరులో, కూర్చుంటుంది.

పర్లాకిమిడి ట్రాక్టర్:
నా పంపు బాగుందా లేదా? పుస్తకంలో అంకెలు నాకెందుకండీ?

గుణుపురం పంపు షెడ్డు:
మీ పంపు బాగుంది, సంతోషం. మీ మాట నమ్మి కొత్త బండిలో పోసినవాడు నా షెడ్డుకే వస్తాడు, వాడికి నేనేం చెప్పను?

జైపూర్ లారీ:
మేస్త్రీ గారు చెప్పింది నిజం. డీపీఎఫ్ మార్చడానికి అడిగిన డబ్బుకి రెండు నెలల కిస్తీలు కట్టుకోవచ్చు.

సిరొంచ కానుగ:
మాది మహారాష్ట్ర దిక్కు, గోదావరి ఒడ్డు. ఇక్కడ కానుగ చెట్లు మస్తుంటయ్. పాత ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడల ఆడోళ్ళు కానుగ నూనె పట్టి, 2003ల 147 టన్నుల కార్బన్ లెక్క (గాలిలకు పోకుండ ఆపిన కార్బన్ క్రెడిట్) ప్రపంచ బ్యాంకుకు అమ్మి 645 డాలర్లు తెచ్చుకున్నరు. మన గింజ మన బండ్లకెందుకు పనికిరాదన్నా? మా బాబాయి గానుగ నూనె అట్లనే ఇంజనుల పోస్తడు.

గుణుపురం పంపు షెడ్డు:
పచ్చి నూనె బయోడీజిల్ కాదు తమ్ముడూ. మెథనాల్, కాస్టిక్ కలిపి గ్లిజరిన్ విడగొట్టాలి. పచ్చిది చిక్కగా ఉంటుంది, నాజిల్ చివర బొగ్గులా కడుతుంది. మీ బాబాయికి చెప్పు, వెంటనే ఆపమను.

సిరొంచ కానుగ:
చెప్తనన్నా. గింజలు మాత్రం ఏరుడు ఆపం.

పొట్టంగి జీపు:
బయోడీజిల్ పామాయిల్‌తో చేసినదైతే 15 డిగ్రీల దగ్గరే మబ్బు పడుతుంది, అంటే గడ్డకట్టడం మొదలవుతుంది. మా దగ్గర డిసెంబరు తెల్లవారుజామున చలి ఎలా ఉంటుందో వచ్చి చూడండి. పోయిన ఏడాది నేను ఫిల్టరు మీద వేణ్ణీళ్ళ గుడ్డ కప్పి స్టార్ట్ చేశాను.

పర్లాకిమిడి ట్రాక్టర్:
ఆంధ్రా వాళ్ళంతా మా బంకులకే వచ్చి పోయించుకుంటున్నారు, ఇక్కడ వ్యాటు తక్కువని. సాయంత్రమైతే క్యూ. దాని గురించి ఒక్కరూ మాట్లాడరు.

రాయగడ పికప్:
అన్నలూ, నా బండి సంగతి?

గుణుపురం పంపు షెడ్డు:
రెండూ వేరు వేరు రోగాలు. 2020లో కారింది సీళ్ళ వల్ల. పాత డీజిల్‌కి ఉబ్బి అలవాటైన రబ్బరు, కొత్త డీజిల్‌కి ముడుచుకుంటుంది. ఒకసారి మారిస్తే చాలు. ఇప్పటి జిగురు బయో వల్ల. అది ట్యాంకులో ఏళ్ళ తరబడి పట్టిన మడ్డిని కడిగి ఫిల్టరుకి తెస్తుంది. లీటరుకి శక్తి కూడా డీజిల్ కంటే ఎనిమిది శాతం దాకా తక్కువ, మైలేజీ అందుకే కొంత పడుతుంది. డ్రమ్ము సరుకులో ఇంకేం కలిపారో చెప్పలేం. ట్యాంకు దింపి కడిగించు, రబ్బరు పైపులు మార్చు, రెండు ఫిల్టర్లు కొని దగ్గర పెట్టుకో. లారీ గారూ, బీఎస్ 6లో ఏడు శాతం దాటి బయో పడకూడదు. డీపీఎఫ్‌లో పట్టిన మసి కాలేటప్పుడు బయో ఆవిరి కాక ఇంజన్ ఆయిల్లోకి దిగుతుంది, డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగితే అదే సూచన.

రాయగడ పికప్:
ట్యాంకు ఇప్పుడే దింపాను. అడుగున రెండు గ్లాసుల నీళ్ళు, వేళ్ళకి అంటుకునే నల్లటి పొర. సీసాలో పట్టి ఉంచాను. సోమవారం గుణుపురం తెస్తాను, షెడ్డు ఎన్ని గంటలకి తీస్తారు?

గుణుపురం పంపు షెడ్డు:
ఎనిమిదికి. పాత ఫిల్టరు పారెయ్యకు, అది కూడా తీసుకురా.